తపస్సు మాను కింద చోటు

"మాను మొదట్లో ఎవురూ కూసోవద్దండమ్మా. లేసి వెనక్కి రాండి."

భారతం కమిటీ నాగరాజు మైకులో చెప్పడం ఇది మూడోసారి. అందరూ జరిగారు. స్వర్ణలత మాత్రం లేవలేదు.

పుంగనూరు దగ్గరి ఆ పల్లెలో పద్దెనిమిది రోజుల భారతం జరుగుతోంది. ఆ రోజు అర్జున తపస్సు. పాశుపతం కోసం అర్జునుడు శివుణ్ణి మెప్పించిన కథను ధర్మరాజుల గుడి ముందు ఏటా ఆడతారు. అరవై అడుగుల మాను నాటి, దానికి చెక్కమెట్లు కొడతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ మెట్టు మెట్టూ ఎక్కి, పైనుంచి నిమ్మపండ్లు, విభూతి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కొంగు పట్టి కూర్చుంటారు. కొంగులో పండు పడితే కడుపు పండుతుందని నమ్మకం.

నలభై మందిదాకా వచ్చారు. అందరూ ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్ళే. స్వర్ణలతకు నలభై ఏడు.

నాగరాజు మైకు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు.

"యా ఊరమ్మా మీది?"

"గుర్రంకొండ పక్కన. మదనపల్లెలో బస్సు మారి వస్తాండాను."

"పిల్లలు ఎంతమంది?"

"లేరప్పా."

ఆమె నెరిసిన జుట్టు చూసి గొంతు తగ్గించాడు.

"సరే, ఈడనే కూసో. మెట్లకు అడ్డం రావాకు."

"నిన్న వాన పడినట్టుండాది. మెట్లు ఆరినాయా?"

"ఎక్కేవానికి లేని దిగులు నీకు యాలమ్మా," అని నవ్వుతూ వెళ్ళాడు.

ఎండ చురుక్కుమంటోంది. పక్కనున్న వసుధ తన తడి తువ్వాలును రెండుగా మడిచి సగం స్వర్ణలత తలమీద వేసింది. వసుధది వి.కోట. పెళ్ళయి ఆరేళ్ళు.

"అక్కా, ఈడ కూసుంటే పండు పడదు. పైనుంచి ఇసిరితే అంత దూరం పోయి పడతాది. నా పక్కకు రా."

"ఈడ బాగుండాదిలేమ్మా."

"నాకు ఇదే ఆఖరుసారి. ఈసారి కూడా పండు పడకుంటే ఇంక యాడికీ తీసకపోనని సెప్పేసింది మాయత్త."

జనం లోపలికి రాకుండా కట్టిన తాడు అవతల నిలబడిన ఆ అత్త, కృష్ణమ్మ, స్వర్ణలతనే చూస్తోంది.

"నిన్ను కుప్పంలో కూడా సూసినట్టుండానే. ఆడ కూడా మాను కిందనే కొంగు పట్టుకోని ఉంటివి."

"అవునమ్మా."

"ఇది ఎన్నో భారతం?"

"ఈ ఎండాకాలంలో మూడోది."

"మనవళ్ళను ఎత్తుకునే వయసులో నీకు యాల తల్లీ ఇంత ఆశ?"

చుట్టూ నలుగురు నవ్వారు. స్వర్ణలత కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. వసుధ సిగ్గుతో తల వంచుకుని, తువ్వాలును ఇంకాస్త ఆమె వైపు జరిపింది.

మేళం మొదలైంది. అర్జునుడు వచ్చాడు. పేరు హేమంత్. పాతికేళ్ళు ఉంటాయేమో. మెడలో రుద్రాక్షలు, నుదుట విభూతి. మానుకు మొక్కి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పద్యం అందుకున్నాడు. అతను నోరు తెరవకముందే స్వర్ణలత పెదవులు కదిలాయి.

"పద్యాలన్నీ వచ్చునా అక్కా నీకు?"

"మా ఇంట్లో వినేదాన్ని."

పదో మెట్టు. ఇరవయ్యో మెట్టు. కింద నలభై కొంగులు తెరుచుకున్నాయి. అందరూ అతని చేతికున్న జోలె వైపు చూస్తున్నారు. స్వర్ణలత అతని పాదాల వైపు చూస్తోంది.

పైకి చేరి పీట మీద నిలబడి అతను నాలుగు దిక్కులా పండ్లు విసిరాడు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, కళ్ళకు అద్దుకునేవాళ్ళు అద్దుకున్నారు. వసుధ కొంగు అంచుకు తగిలి ఒక పండు పక్కామె ఒళ్ళోకి దొర్లిపోయింది. వసుధ ఖాళీ కొంగును మళ్ళీ పరిచి పట్టుకుంది.

అతను దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక ఒక మెట్టు కిర్రుమంది. కాలు జారింది. జోలెలో మిగిలిన పండ్లు జలజలా రాలాయి.

జనం హాహాకారాలు చేశారు. కింద ఉన్నవాళ్ళు లేచి దొరికిన వైపుకు పరిగెత్తారు. స్వర్ణలత ఒక్కతే ముందుకు ఉరికింది. కొంగును రెండు చేతులా బిగించి పట్టుకుని, తల పైకెత్తి, సరిగ్గా అతని కింద నిలబడింది.

"పండు కోసం పానం కూడా లెక్కసెయ్యదే ఈమె," అంది కృష్ణమ్మ.

హేమంత్ చేతులతో వేలాడి, కాలికి మెట్టు దొరకబుచ్చుకుని నిలదొక్కుకున్నాడు. ఊపిరి తీసుకుని మెల్లగా దిగసాగాడు.

స్వర్ణలత కొంగులో ఒక నిమ్మపండు ఉంది. ఆమె దాన్ని చూడలేదు. వసుధ వచ్చి భుజం తట్టి చూపించింది.

"పడింది అక్కా. నీకు పడింది."

"నువ్వు తీసుకో తల్లీ."

"నీకొద్దా?"

"తీసుకోమ్మా."

వసుధ రెండు చేతులా పండు తీసుకుంది. దాన్ని కొంగులో ముడివేసుకుంది.

హేమంత్ రెండు పాదాలూ నేలకు ఆనాయి. అప్పుడు స్వర్ణలత కొంగు వదిలింది. బిగించి పట్టినందుకు వేళ్ళు తెల్లబడ్డాయి. ఒక అడుగు ముందుకు వేసి, ఆ పిల్లవాడి భుజం ఒకసారి తాకి చూసి, బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.

రెండేళ్ళ కిందట ఆమె సొంతూళ్ళో ఇలాంటి మాను మీద నుంచే అర్జునుడి వేషంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు లోకేష్ జారిపడినప్పుడు, కింద కొంగులు పట్టిన వాళ్ళంతా పక్కకు తప్పుకున్నారు.