ఎల్లాజీ కుక్క

"కుక్క నాది కాదు మేడమ్!" అన్నాడు ఎల్లాజీ, పన్నెండోసారి.

నరసన్నపేట దగ్గర ఓ ఊరి సచివాలయం. పంచాయతీ కార్యదర్శి అనూరాధ బల్ల మీద ఒక కాగితం, ఒక పెన్ను ఉన్నాయి. యజమానినని ఎల్లాజీ సంతకం పెడితే కుక్క ఆయన దగ్గరే ఉంటుంది. కేసు కూడా ఆయన మీదే పడుతుంది. కాదంటే అది వీధికుక్క. బయట బండి సిద్ధంగా ఉంది, ఎక్కించుకుని శ్రీకాకుళం పోతుంది.

మొన్న ఆ నల్లకుక్క తరిమితే ధనరాజు బైకుతో సహా కాలవలో పడ్డాడు. చేతికి కట్టు, మొహం నిండా కోపం.

"కూర్చోండి ఎల్లాజీ గారూ."

"పర్లేదు మేడమ్. ఇలాగే ఉంటాను."

ఊళ్ళో ఎవరు జారిపడినా నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వే మనిషి ఎల్లాజీ. ఇవాళ ఆయన వంతొచ్చిందని గది నిండా జనం చేరారు.

"ఎక్కణ్ణుంచి అట్టుకొచ్చినాడో గానీ, వారం పైనుంచి సూస్తన్నాను మేడమ్," అంది టిఫిన్ కొట్టు కుమారి. "రోజూ పొద్దున్నే ఆరిడ్లీలు కట్టించుకుంటాడు మావ. తనకి రెండు, కుక్కకి నాలుగు. నీళ్ళు కూడా పెడతాడు. అది తాగీదాకా అక్కణ్ణుంచి కదల్డు."

"నిన్న మజ్జాన్నం అది పడుకుంటే, 'లెగు నాయినా, లెగు' అని ఏడిసీసినాడు మేడమ్!" అన్నాడు ధనరాజు. "మా అమ్మ పోయినప్పుడు నాను కూడా అంత ఏడవలేదు."

అనూరాధకి ఒళ్ళు మండింది. మేపేటప్పుడు ముద్దు, మీదికొస్తే వీధికుక్క! ఇలాంటి యజమానుల్ని ఆవిడ చాలామందిని చూసింది.

"సరే, మీది కాదు. బండెక్కించెయ్యండి!" అని బయటికి కేకేసింది.

ఎల్లాజీ పరిగెత్తి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు మేడమ్! ఎల్లుండి అట్టుకెల్లండి. మీ కాళ్ళట్టుకుంటాను!"

జనం ఘొల్లుమన్నారు.

"అయితే సంతకం పెట్టండి. కుక్కను అదుపులో పెట్టుకోకపోతే జైలు కూడా పడొచ్చు. చట్టం అలా ఉంది. ఏదో ఒకటి తేల్చండి."

ఎల్లాజీ బండి వంక చూశాడు. పెన్ను వంక చూశాడు. నవ్వుతున్న జనాన్ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోతూ బల్ల దగ్గరికొచ్చి, అనూరాధకి మాత్రమే వినబడేలా వంగి గొణిగాడు.

ఖర్మ కాకపోతే, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. మాట గదిలో అందరికీ వినబడింది.

"అది నన్ను కరిసి ఇయ్యాల్టికి తొమ్మిది రోజులు మేడమ్, సూదులేయించుకున్నా సరే పదిరోజులదాకా కుక్క బతికుందో లేదో సూసుకోమన్నాది నర్సమ్మ!"