హరినాథ్ గారి పాఠకుడు

వ్యాసం రెండో పేజీ దాటకముందే సుజాతకు కునుకు పట్టింది.

పత్రిక ఒళ్ళోంచి జారి కింద పడింది. హరినాథ్ దాన్ని తీసి, దులిపి, బల్ల మీద పెట్టాడు. పెళ్ళాం మీద ఒళ్ళు మండిపోయింది.

అది మామూలు వ్యాసమా! ఈ కాలపు రూపచిత్రాల మీద వచ్చే కొత్త విమర్శకు అనంతపురంలో ఓ కళాసమితి 2003లో బహుమతి పెడితే, అది తను రాసిన ఈ వ్యాసానికే వచ్చింది. ఆదివారం సభ. శాలువా ఉంది, జ్ఞాపిక ఉంది, ఉపన్యాసాలున్నాయి. చదివినవాడే లేడు.

కాలేజీలో తోటి లెక్చరర్లను అడిగాడు.

"చూసినాం సార్, బాగుండాది," అన్నారు.

చూడ్డానికి అదేమన్నా సినిమానా!

వ్యాసమంతా ఇంద్రాణి అనే చిత్రకారిణి వేసిన ఒక్క బొమ్మ గురించే. వ్యాసం పక్కనే దాన్నీ అచ్చేశారు: ముడతల ముఖంతో దూరంగా ఎటో చూస్తున్న గొర్రెలకాపరి. బొమ్మ కోసం ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో ఇంద్రాణి ఎవరికీ చెప్పలేదు. హరినాథ్ ఊరుకుంటాడా? ఆమె బొమ్మలు వేయడానికి తిరిగే పల్లెలన్నీ గాలించి, ఆ మనిషిని కలిసి మరీ వచ్చాడు.

సంగతి తెలిసి ఇంద్రాణి పరుగున వచ్చింది.

"ఊరూ పేరూ మాత్రం రాయొద్దు సార్. మీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను నమ్మి కూచున్నాడు ఆ మనిషి."

"ఎందుకమ్మా అంత భయం?"

"అది చెప్పనని మాటిచ్చినా. మీరు గూడా ఎవరికీ చెప్పనని మాటియ్యండి సార్."

ఇచ్చాడు. ఇచ్చినప్పటినుంచీ లోలోపల ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఊరూ పేరూ పడి ఉంటే వ్యాసం ఇంకెంత పండేదో!

సభకు ముందు గురువారం పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. పంచె, భుజాన తువ్వాలు, మోకాళ్ళ దాకా దుమ్ము.

"చందాలకైతే మళ్ళీ రాప్పా," అన్నాడు హరినాథ్.

"చందా కాదు సార్. నా పేరు రామాంజులు. మీరు బొమ్మ గురించి రాసింది చదివినా."

హరినాథ్ గడపలోనే నిలబడిపోయాడు.

"ఎంతవరకు?"

"అంతా సార్. మళ్ళా మళ్ళా చదివినా."

కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే అప్పజెప్పాడు: "ఈ కళ్ళు మబ్బు కోసం దారి చూసే సీమ కళ్ళు. ఈ చూపు వానకోసం చేసే మూగ ప్రార్థన."

హరినాథ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాఫీలో డికాషన్ బాగా వెయ్యమని సుజాతను కేకేశాడు.

"ఆ చూపు వానకోసమేనంటారా సార్?"

"ఇంకెందుకప్పా!"

రామాంజులు కాసేపు తల గోక్కున్నాడు.

"ఏమనుకోవద్దు సార్. మా ఊర్లో చదువుకున్నోళ్ళు ఇదంతా ఉత్తదే అంటాండారు. ఆ మనిషి భూమ్మీదనే లేడంట. మీరు కల్పించి రాసినారంట."

"ఎవడన్నాడు?"

"అందరూ సార్. ఊరు పేరన్నా లేదే అని ఒకటే ఎగతాళి. నేనొక్కన్నే మీ పక్క మాట్లాడతాండా. నాకు గూడా జవాబు తెలీకపాయె."

హరినాథ్‌కు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. మాటంటే మాటే. కానీ లేక లేక దొరికిన పాఠకుడు, వాడు కూడా అనుమానంతో వెళ్ళిపోతే? ఆ ఊహే భరించలేకపోయాడు.

"గుమ్మఘట్ట దాటినాక మట్టిరోడ్డుంది. దాని చివర్న రాళ్ళ దొడ్డి. ఎర్రప్ప అంటారు. ఇంత కరువులోనూ నాకు చెంబు నిండా మజ్జిగ పోసినాడు. కల్పించినానంట, కల్పించి!"

"అంత దూరాన ఒక్కడే ఉంటాడా సార్, పాపం?"

"ఒక్కడే. గొర్రెలూ, ఆయనా."

రామాంజులు రెండు చేతులూ జోడించాడు.

"చాలు సార్. ఇంక ఎవరికి ఏం చెప్పాలో నాకు తెలుసు."

"ఆదివారం సభకు రావాల. ముందు వరసలో నీకు కుర్చీ పెట్టిస్తా."

"వీలైతే వస్తా సార్," అంటూ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆదివారం హరినాథ్ ఆ కుర్చీని ఎవర్నీ తాకనివ్వలేదు. వక్తలు వ్యాసాన్ని తెగ పొగిడారు. ఒకాయనైతే బొమ్మలో ఉన్నది ఆడమనిషి అనుకుని పొగిడాడు. శాలువా కప్పుతున్నప్పుడు కూడా హరినాథ్ చూపు ఆ ఖాళీ కుర్చీ మీదే ఉంది. రామాంజులు రాలేదు.

సభ ముగిశాక పోలీసు అధికారి ఒకాయన వేదికెక్కాడు. చేతిలో అదే పత్రిక. హరినాథ్ ముఖం వెలిగిపోయింది.

"మీరూ చదివినారా సార్?"

"లేదు. గుమ్మఘట్ట అవతల గొర్రెల దొడ్డిలో దొరికింది. ఎర్రప్ప శవం పక్కన."

అధికారి జేబులోంచి ఫొటో తీసి చూపించాడు.

"ఈ మనిషిని ఎరుగుదురా?"

"రామాంజులు... నా పాఠకుడు."

"మీ ఇంటికొచ్చినాడా?"

హరినాథ్ తలూపాడు.

"ఊరు మీరే చెప్పినారా?"

మళ్ళీ తలూపాడు.

అధికారి ఫొటో జేబులో పెట్టుకున్నాడు.

"సంతలో పట్టపగలు జరిగిన జోడు హత్యల కేసులో మొదటి ముద్దాయి సార్ వీడు, కండ్లారా చూసినోళ్ళు అంత సంతలో ఎందరుండినా, కోర్టుకొచ్చి చెప్తానన్నోడు ఎర్రప్ప ఒక్కడే."