కంటికి ఆనని ప్రాణి

"కుంట పూడ్చి పార్కింగ్ చేస్తారా? ఎలా చేస్తారో నేనూ చూస్తాను," అంటూ సూర్యకళ మైక్రోస్కోపు తెచ్చి కాలనీ సంఘం బల్ల మీద పెట్టింది. రిటైరైన సైంటిస్టు గదా, చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

సంఘం అధ్యక్షుడు తిరుపతి మంచివాడే. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు, అదే వచ్చిన చిక్కు.

"గుస్సా కాకున్రి మేడమ్. గా కుంటల దోమలు తప్ప ఏమున్నయి?"

"డయాటమ్ ఉంది. ఇంకెక్కడా నాకు కనపడని రకం. చూడండి."

తిరుపతి కుడికన్ను మూసి చూశాడు, ఎడమకన్ను మూసి చూశాడు. "ఏదో గాజుపెంకు లెక్కున్నది."

"గాజు గూట్లో బతికే నాచు అది. మీరు పీల్చే ఐదు ఊపిరుల్లో ఒకటి దాని జాతి పెట్టిన భిక్ష."

"కావచ్చు మేడమ్. గానీ కంటికి ఆనని దానికోసం పార్కింగ్ ఇడ్సిపెడితే జనం నవ్వుతరు."

సూర్యకళకు ఒళ్ళు మండింది. ఫోన్లో ఒక ఫోటో తెరిచి అందరి ముందూ పెట్టింది. "ఇది డుగాంగ్. సముద్రపు ఆవు. మన దేశంలో కొన్ని వందలే మిగిలాయి. కుంటలో ఇదే ఉంటే పూడ్చేవాళ్ళా?"

ఫోను పదిమంది చేతులూ మారింది. బొద్దు మూతి, అమాయకపు కళ్ళు. కార్యదర్శి కామాక్షి అక్కడే కరిగిపోయింది. "పాపం, చంటిపిల్లలా ఉందండీ."

"దీనికి మొహం ఉంది కాబట్టి జాలి. డయాటమ్‌కు మొహం లేకపోవడం నేరమా?"

తిరుపతి తల దించుకున్నాడు. "సమజైంది మేడమ్. పార్కింగ్ క్యాన్సిల్. నీళ్ళల్ల బతికే జీవాలను కాపాడుడే ఇగ మన కాలనీ పని. రాసుకోన్రి."

చప్పట్లు కొట్టారు. సూర్యకళకు ఏడుపొక్కటే తక్కువ, అంత సంతోషం. ఆ నిశ్చింతతోనే రెండు నెలలు కాకినాడలో చెల్లెలింట ఉండి వచ్చింది.

వచ్చిన రోజే పిలుపు, రిబ్బన్ ఆవిడే కత్తిరించాలని. వెళ్ళి చూస్తే ఏముంది, పాతికడుగుల సిమెంటు డుగాంగ్. మెడలో బంతిపూల దండ, కింద 'నీటి జీవులను కాపాడుదాం' అని బోర్డు. అంత దూరం ఉప్పల్ నుంచి కూడా సెల్ఫీలకు వచ్చారు జనం.

సూర్యకళ కత్తెర పట్టుకుని చుట్టూ చూసింది. "కుంట ఏది తిరుపతిగారూ?"

"గంత బరువు బొమ్మ నీళ్ళల్ల నిలవడ్తదా మేడమ్? మీ మాట కోసం రెండొందల లారీల మట్టి పోయించి మొత్తం పూడ్పిచ్చినం."