తాళం వేశారా?

"ఈ గోల ఆపుతావా, మేనేజరు దగ్గరికి వెళ్ళమంటావా?"

జ్లాతినా విసురుగా వచ్చి బల్ల మీద ఒక్కటి గుద్దింది. ఆఫీసు కంప్యూటర్ల బాగోగులు చూసే ఓగ్నియాన్ కాఫీ కప్పు పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. రూసే పట్నంలో, డాన్యూబ్ ఒడ్డున, సరుకు పడవల ఆఫీసు అది.

"ఏ గోల?"

"పని చేసుకుంటుంటే మాటిమాటికీ తెర మీద 'లేస్తున్నారా? కంప్యూటర్‌కి తాళం వేశారా?' అని నా ప్రాణం తోడేస్తోంది. చిరాకేసి దాన్ని నొక్కిపారేస్తా. ఆ చిరాకులో తాళం సంగతే మర్చిపోతా! నిన్న మళ్ళీ ఎవడో నా పేరుతో ఉత్తరం రాసిపడేశాడు."

ఆ ఆఫీసులో అదో ఆచారం. ఎవరైనా కంప్యూటర్ తెరిచి వదిలేసి వెళితే, చూసినవాళ్ళు అందులోంచి 'రేపు అందరికీ బానిత్సా నేనే తెస్తాను' అని అందరికీ పంపేస్తారు. పేరు ఎవరిదైతే వాళ్ళు చచ్చినట్టు తేవాల్సిందే. ఈ నెలంతా జ్లాతినాయే పిండి పొరల్లో చీజ్ కూరి, కాల్చి తెస్తోంది. లొట్టలేసుకుంటూ రెండో ముక్క అడిగేది ఓగ్నియానే. మనిషి మంచివాడే, తిండి దగ్గర మాత్రం ఆగలేడు.

"పక్క సీటు పెన్కాని అడిగా. తనకి పొద్దున ఒక్కసారే వస్తుందట. నాకు మాత్రం రోజంతానా? ఎందుకయ్యా?"

ఓగ్నియాన్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నువ్వు విసుక్కుంటే తాళం మర్చిపోతావు కదా... అందుకని."

"అంటే ఆ ఉత్తరాలు రాసింది..."

"నేనే. బానిత్సా కోసం కూడా కాదులే. తెచ్చిన రోజు ముక్క కోసి నువ్వే నా గదికి తెచ్చిస్తావు. మామూలప్పుడు ఇటు తొంగి కూడా చూడవు."

జ్లాతినా గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

ఇక ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే అనుకున్నాడు ఓగ్నియాన్. దానికన్నా, ఆమె ఇంకెప్పుడూ ఈ గడప తొక్కదన్న దిగులే అతన్ని ఎక్కువ తినేసింది. వెంటనే ఆమె కంప్యూటర్లో ఆ హెచ్చరికలన్నీ ఆపేశాడు.

మధ్యాహ్నం జ్లాతినా పేరుతో అతనొక్కడికే ఉత్తరం వచ్చింది. 'ఆదివారం బానిత్సా చేస్తున్నా. ఇద్దరికే. మా ఇంటికి రా.'

"ఎవడ్రా ఈ వెధవ వేషాలు వేసేది!"

ఓగ్నియాన్ ఒళ్ళు మండిపోయింది. పాపం, మళ్ళీ తెరిచి వదిలేసినట్టుంది. ఎవరైనా ఇంకేదైనా రాసేలోపు మూసేద్దామని ఆమె బల్ల దగ్గరికి పరిగెత్తాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

కంప్యూటర్‌కి మాత్రం తాళం వేసి ఉంది.