వెలగని బ్రేకు లైటు

"నొక్కే ఉంచాను కదే! వైరింగు రాదని ఒప్పుకోవచ్చుగా!" డ్రైవరు సీట్లోంచి నాన్న అరిచాడు.

నాకు ఒళ్ళు మండింది. పికప్పు వెనక తగిలించిన ట్రైలరుకు బల్బులు మార్చాను, ప్లగ్గు తుడిచాను, ఎర్తు వైరు గీకి బిగించాను. అయినా బ్రేకు లైట్లు వెలగవు.

"గట్టిగా నొక్కు నాన్నా!"

"కాలు విరిగేలా నొక్కుతున్నా! నీకే కళ్ళు పోయాయేమో!"

అప్పుడు గమనించాను, పికప్పు బ్రేకు లైట్లూ వెలగడం లేదు. అయితే తప్పు పెడలు దగ్గరి స్విచ్చుదే. విసురుగా తలుపు తీసి వంగాను.

నాన్న పాదం పెడలు పక్కన మ్యాటును బలంకొద్దీ నొక్కుతోంది. షుగరు వల్ల మొద్దుబారిన ఆ పాదానికి చెప్పు జారిపోయిన సంగతి కూడా తెలియలేదు.

"స్విచ్చు పోయింది నాన్నా."

"అది ముందే చూసుకోవద్దూ!" అని విరుచుకుపడ్డాడు.

నేను బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను.