పన్ను పీకించుకున్న మూడో రోజు

ఓడ డెక్కు మీద చాప పరుచుకుని నడుం వాల్చబోతున్న అసెనతను ఎవరో భుజం పట్టి ఆపారు.

"పడుకోకమ్మా. లేచి కూర్చో."

చూస్తే ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, పొగాకు వాసన. పొద్దున్న ఓడెక్కుతూ ఆమె దుంపల బుట్టను తన్నుకుంటూ పోయింది ఈయనే.

"పన్ను పీకించుకుని మూడు రోజులైంది తాతా. కంటి మీద కునుకు లేదు. నన్నొదిలెయ్," అంది అసెనత. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నీ మాట విన్నాకే వచ్చాను. ఉమ్ము మింగగలుగుతున్నావా?"

మింగలేకపోతోంది. పొద్దుటి నుంచీ తువ్వాలులోకే వదులుతోంది. ఆ సంగతి ఈయనకెందుకు?

"ఏం తాతా, ఈ వయసులో డాక్టరు చదువు మొదలెట్టావా?" అంది ఎండుకొబ్బరి బస్తా మీద కూర్చున్న ఒక లావుపాటావిడ. డెక్కంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు.

"గడ్డం కింద చెయ్యి పెట్టి చూసుకో. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

అసెనత విసుగ్గానే చెయ్యి పెట్టుకుంది. చెక్కలా తగిలింది. నాలుక కింద కూడా ఏదో ఉబ్బి, నాలుకను పైకి తోస్తోంది. అప్పుడు ఆమెకు మొదటిసారి భయం వేసింది.

ముసలాయన తాళ్లు పట్టుకుంటూ మెల్లగా మెట్లెక్కి కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు.

"బావా, ఓడ వెనక్కి తిప్పు."

"దేనికి బావా? మీ ఆవిడను రేవులో మర్చిపోయావా?" అన్నాడు కెప్టెన్ విలియామే. వాళ్లిద్దరి దీవుల మధ్యా తాతల నాటి నుంచీ వేళాకోళం వరస.

"ఇందాక దాటిన దీవిలో ఆసుపత్రి ఉంది. ఆ అమ్మాయికి పన్ను పీకిన చోటి నుంచి చీము కిందికి దిగింది. గొంతు మూసుకుపోతోంది."

"పంటినొప్పికి ఓడ తిప్పాలా! రేపు పొద్దున్నకల్లా సువా పట్నంలో ఉంటాం. అక్కడ చూపించుకోమను."

"రేపటిదాకా ఆగదు."

"వెనక్కి పోతే చీకటిపడేలోగా ఆ దీవి చుట్టూ ఉన్న పగడపు గట్లు దాటి మళ్లీ బయటికి రాలేం. రాత్రంతా అక్కడే లంగరు. మొత్తం ఒక రోజు పోతుంది. తెలుసా?"

ముసలాయన కళ్లు నులుముకున్నాడు.

"తెలుసు," అన్నాడు. "ముప్పై ఏళ్లు చేపల ఓడల్లో పనిచేశాను. మా వంటవాడికి ఇలాగే పన్ను పీకారు. ఇలాగే మాట ముద్దయింది. నిద్ర పడితే తగ్గుతుందని నేనే పడుకోబెట్టాను. మళ్లీ లేవలేదు. తిప్పు బావా."

కెప్టెన్ ముఖంలో నవ్వు పోయింది. చుక్కాని తిప్పాడు.

డెక్కు మీద గొడవ మొదలైంది. పెళ్లికి పోవాల్సినవాళ్లు, పందుల్ని అమ్ముకోవాల్సినవాళ్లు ముసలాయన్ను నోటికొచ్చినట్టు తిట్టారు.

ఆయన అసెనత వీపుకు ఒక బస్తా ఆనించి, ఆమెను ముందుకు వంచి కూర్చోబెట్టాడు.

"ఉమ్ము బయటికే వదిలెయ్. సిగ్గుపడకు. నిద్రొస్తే నా చెయ్యి గిల్లు."

రెండు గంటలు ఆమె గిల్లుతూనే ఉంది. ఆయన చెయ్యి తీసుకోలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్క చూపు చూసి పరుగు తీసింది. గొంతు ముందు కోత పెట్టి గొట్టం వేశారు. చీమంతా తీశారు.

అసెనతకు తెలివొచ్చాక డాక్టరమ్మ పక్కన కూర్చుంది.

"పన్ను తీయించుకున్న వేలమందిలో ఏ ఒక్కరికో ఇలా అవుతుంది. తీసినవాళ్ల తప్పూ కాదు, నీ తప్పూ కాదు. కానీ ఒక్క గంట వెల్లకిలా పడుకుని ఉంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. నిన్ను తెచ్చిందెవరు?"

గొంతులో గొట్టం. అసెనత కాగితం మీద రాసింది: 'పేరు అడగలేదు.'

ఓడ తెల్లవారగానే వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత కెప్టెన్‌ను అడిగి పేరు తెలుసుకుంది. సకరాయా. తన చేత్తో అల్లిన పెద్ద చాప, పెద్దలకు కానుకగా ఇచ్చే కావా వేళ్లు ఒక కట్ట పట్టుకుని, భర్త ఎపెలితో కలిసి ఆయన దీవికి వెళ్లింది.

సకరాయా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఎపెలి చాప ముందుంచి, నేల మీద కూర్చుని, మర్యాదగా చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పబోయి మధ్యలో ఏడ్చేశాడు.

"బస్తా ఆనించినందుకు ఇంత చాపా?" అన్నాడు సకరాయా, చాపను అంచులదాకా చేత్తో తడిమి. "ముందు తెలిస్తే రెండు బస్తాలు ఆనించేవాణ్ణి!"

అందరూ నవ్వారు. ఆయన భార్య కొబ్బరిపాలలో ఉడికించిన చేప పెట్టింది. సకరాయా వాళ్ల పిల్లల గురించి అడిగాడు, వాళ్ల పేర్లు చెప్పించుకున్నాడు.

"తాతగారూ, నా వల్ల సువాలో మీ పనేమైనా చెడిందా?" అంది అసెనత.

"ఏముందమ్మా, చిన్న పని. తింటున్నావా లేదా?"

తిరుగు ప్రయాణంలో పడవ దాకా ముసలమ్మ తోడు వచ్చింది. అసెనత ఆగి, ఆమె చేతులు పట్టుకుంది.

"బామ్మా, మీరైనా నిజం చెప్పండి. ఆ పనేమిటి?"

ముసలమ్మ ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"చెప్పొద్దన్నాడు. ఒక కన్ను ఎప్పుడో పోయిందమ్మా. మసగ్గా కనిపించే రెండోదాన్నైనా నిలబెడతామని ఏడాదికోసారి వచ్చే పైదేశం డాక్టర్లు సువాకు రమ్మన్నారు. ఈయన ఒక రోజు ఆలస్యంగా వెళ్లేసరికి వాళ్లు విమానం ఎక్కేశారు. ఇందాక మీరు తింటుంటే వంటింట్లోకి తడుముకుంటూ వచ్చి, 'ఆ పిల్ల ఎలా ఉంటుందే?' అని నన్నడిగాడు."