పాత హిమజ పెట్టిన పరీక్ష

డాబా మీద మినప వడియాలు తిరగేస్తూనే హిమజ ఎం.ఏ. ఫిలాసఫీ ఆఖరి పరీక్షకు కూర్చుంది. ఇప్పుడు ఏ ఆన్‌లైన్ యూనివర్సిటీలోనైనా పద్ధతి ఒకటే. కోర్సులో చేరిన రోజు మనం ఎలా మాట్లాడామో, ఎలా ఆలోచించామో అంతా దాచి ఉంచుతారు. రెండేళ్ళ తర్వాత ఆ పాత మనిషే ఎగ్జామినరుగా తెర మీదకు వస్తుంది. చదువుతో మనం మారామని ఆ మనిషిని వాదించి ఒప్పిస్తేనే డిగ్రీ.

పిట్టగోడకు ఆనించిన తెరలో పాత హిమజ ఆవలించింది.

"మనిషి మారడమేంటక్కా? నువ్వూ నేనూ ఒకటే. ఈమాత్రం దానికి చదువెందుకు? నేనైతే నెల చూసి మానేస్తాను."

"ఆ అమ్మాయే నయం. నేనేం చెప్పినా సరేననేది," అన్నాడు కాకుల్ని తోలుతున్న భర్త శ్రీకర్.

"మీరు కాసేపు ఊరుకోండి!" హిమజ ఎండిన వడియం ఒకటి తీసి తెర ముందు పెట్టింది. "ఇదేంటి?"

"నిన్నటి పిండే. తడారింది, అంతే."

"అయితే నీళ్ళలో వేస్తాను. మళ్ళీ నిన్నటి పిండి అవుతుందా?"

పాత హిమజ రెండో ఆవలింత మధ్యలోనే ఆగిపోయింది.

"అవదు. నానిన వడియం అవుతుంది. మరి ఆ పిండి ఎక్కడికి పోయినట్టు?"

"రెండేళ్ళుగా నేనూ అదే వెతుకుతున్నానే తల్లీ!"

పాత హిమజ కళ్ళు పెద్దవయ్యాయి. "ఒప్పుకున్నానక్కా!"

తెర అంచున 'ఉత్తీర్ణత' అని వెలిగింది. హిమజ వేసిన కేకకు శ్రీకర్ తోలాల్సిన కాకులన్నీ ఒక్కసారే ఎగిరిపోయాయి.

తెరలోని మనిషి మాత్రం ఇంకా వెళ్ళలేదు. ముఖం దగ్గరగా పెట్టి ఆత్రంగా అడిగింది:

"అక్కా, నేను మాననులే. మొదటి క్లాసు ఎన్నింటికి?"